ఆర్మీ వేలంలో ఎం105ఏ2 ట్రెయిలర్ పాడేశాను. నా ఎస్‌యూవీతో లాగొచ్చా?

ఆదివారం_మెకానిక్

అందరికీ నమస్తే. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

అమెరికన్ ఆర్మీ వాడి వదిలేసిన సామాన్ల ఆన్‌లైన్ వేలంలో ఒక ఎం105ఏ2 ట్రెయిలర్ పాడాను. నిజం చెప్పాలంటే సరదాకి పాడాను. నా మీద ఎవరో ఒకరు పాడతారులే అనుకుని పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే అది నాదే. పది రోజుల్లో యార్డు నుంచి తీసుకెళ్లాలట.

నా బండి మామూలు ఎస్‌యూవీ. 2,270 కిలోలు లాగుతుందని మాన్యువల్‌లో ఉంది. ట్రెయిలరేమో ఒకటిన్నర టన్నుది. అంటే ఇంకా 700 కిలోల పైచిలుకు మిగులే కదా! ఇసుక, కంకర, కట్టెలు తెచ్చుకోవడానికి పనికొస్తుందని నా ఆలోచన. ఇంట్లోవాళ్లు మాత్రం ఫొటో చూసి "ఇది బండి వెనక కట్టేదా, బండినే ఇందులో ఎక్కించేదా?" అన్నారు.

ట్రెయిలర్ ముందున్న రింగు నా బండి వెనకున్న మామూలు బాల్ హిచ్‌కి, అంటే గుండు మీద తగిలించేదానికి, పడుతుందా? లైట్లు కలుస్తాయా? యార్డు నుంచి ఇంటికి 140 కిలోమీటర్లు. మెల్లగా తెచ్చుకోవచ్చా?

గ్రీజు_చేతులు

తమ్ముడూ, ముందు ఆ ఒకటిన్నర టన్ను సంగతి తేల్చుకుందాం. అది ట్రెయిలర్ బరువు కాదు. రోడ్డు లేని చోట అది మోయగలిగే సరుకు బరువు. అది కూడా అమెరికన్ టన్ను, అంటే 2,000 పౌండ్లు. ఒకటిన్నర టన్ను అంటే 1,360 కిలోలు. ఆర్మీ ట్రెయిలర్ పేరులో ఎన్ని టన్నులుంటే అంత సరుకని అర్థం. ఖాళీ ట్రెయిలర్ బరువు వేరే.

ఎం105ఏ2 ఖాళీగానే సుమారు 1,200 కిలోలు. సరుకుతో 2,560. నీ బండి హద్దు 2,270. కాబట్టి నిండుగా వేసుకుని లాగే ముచ్చట లేదు.

అసలు చిక్కు ఇది కాదు, ఇంకోటుంది. అది రాసే ముందు ఒక్కటి అడుగుతాను. మాన్యువల్‌లో 2,270 పక్కన "బ్రేకులున్న ట్రెయిలర్‌కి" అని ఉందా? దాని కింద ఇంకో అంకె ఏమైనా ఉందా?

ఆదివారం_మెకానిక్

ఇప్పుడే చూశాను అన్నా. బ్రేకులున్నదానికి 2,270, లేనిదానికి 750. కానీ దీనికి బ్రేకులున్నాయి కదా? ఫొటోలో డ్రమ్ములు కనిపిస్తున్నాయి.

గ్రీజు_చేతులు

ఉన్నాయి. కానీ వాటిని నొక్కే శక్తి నీ బండిలో లేదు.

ఈ ట్రెయిలర్‌ని రెండున్నర టన్నుల ఎం35 ట్రక్కు వెనక కట్టడానికి చేశారు. ఆ ట్రక్కులో కంప్రెసర్ ఉంటుంది. డ్రైవర్ బ్రేకు తొక్కితే గొట్టంలోంచి గాలి ట్రెయిలర్‌కి వెళ్తుంది. ఆ గాలి ట్రెయిలర్ మీదున్న మాస్టర్ సిలిండర్‌ని నెడుతుంది. అక్కడి నుంచి చక్రాల దాకా మామూలు బ్రేక్ ఆయిల్ పనే. నీ ఎస్‌యూవీలో గాలి లేదు కాబట్టి నువ్వు ఎంత తొక్కినా ఆ డ్రమ్ములకి కబురే అందదు. చేతి బ్రేకు ఒక్కటే పనిచేస్తుంది, అది నిలబెట్టినప్పటికి.

అంటే నీ బండికి సంబంధించినంతవరకు ఇది బ్రేకులు లేని ట్రెయిలర్. నీ హద్దు 750. ఖాళీ ట్రెయిలరే 1,200. ఒక్క ఇటుక పెట్టకముందే 450 కిలోలు ఎక్కువ.

నాలుగో_గేరు

మరీ భయపెట్టేస్తున్నారు సార్. నేను ఇదే ఎం105ని నా పికప్‌కి కట్టి రెండేళ్లు తిప్పాను, ఏమీ కాలేదు. ఖాళీ ట్రెయిలర్‌కి ఇంత టెన్షన్ దేనికి? మెల్లగా 60లో పోతే చాలు. లాగుతుందా లేదా అన్నదే ముఖ్యం, బండి హాయిగా లాగుతుంది.

గ్రీజు_చేతులు

లాగదని నేనెక్కడ అన్నాను? లాగుతుంది. ఎద్దు కూడా లాగుతుంది. నేను మాట్లాడుతున్నది ఆపడం గురించి.

వేలి మీద లెక్క చూడండి. ఎస్‌యూవీ బరువు 2,000 కిలోలు అనుకుందాం. గట్టిగా బ్రేకు కొడితే దాని నాలుగు టైర్లకున్న పట్టు ఆ 2,000 కిలోల్ని ఆపడానికి సరిపోతుంది. వెనక బ్రేకుల్లేని 1,200 కిలోలు కడితే అవే నాలుగు టైర్లు 3,200 కిలోల్ని ఆపాలి. 40 మీటర్లలో ఆగే బండి 64 మీటర్లకి గానీ ఆగదు. ఇది పొడి రోడ్డు మీద, తిన్నగా వెళ్తున్నప్పుడు. దిగుడులో వంపు తిరుగుతూ బ్రేకు కొడితే ట్రెయిలర్ వెనక నుంచి బండి తోకని పక్కకి తోసేస్తుంది. ఇక స్టీరింగ్ ఎటు తిప్పినా వినదు.

రెండేళ్లు ఏమీ కాలేదంటే ఆ రెండేళ్లలో ఎవరూ అకస్మాత్తుగా అడ్డం రాలేదని అర్థం.

నాలుగో_గేరు

నాది ముప్పావు టన్ను పికప్, బరువు మూడు టన్నులు. ఆ తేడా చెప్పకుండా రాశాను, ఒప్పుకుంటున్నాను. కానీ ఎద్దు పోలిక నన్ను ఉద్దేశించే అనిపించింది.

మోడరేటర్

ఎద్దు సంగతి ఇంతటితో ఆపి ట్రెయిలర్ సంగతికి వద్దాం.

పాత_ఇనుము

నేను ఇలాంటివి మూడు కొన్నాను, రెండు అమ్మేశాను, ఒకటి ఇంకా పడుంది. ఆదివారం గారూ, మీ ప్రశ్నల్లో రింగు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి అది నేను తీసుకుంటాను.

ఆ రింగుని లూనెట్ అంటారు. లోపలి రంధ్రం 3 అంగుళాలు. బాల్ హిచ్‌కి పట్టదు, బాల్ మీద ఊరికే తగిలించి తెచ్చే ప్రయత్నం కలలో కూడా చేయకండి. దానికి పింటిల్ హుక్ కావాలి, అంటే రింగు మీద దవడలా మూసుకునే కొక్కెం. మామూలు హిచ్ గొట్టంలోకి దూర్చే పింటిల్ హుక్కులు దొరుకుతాయి. కొన్నిటికి బాల్ కూడా కలిసే ఉంటుంది. గుంతల్లో బండి ఒక వైపు, ట్రెయిలర్ ఇంకో వైపు ఒరిగినా రింగు ఓర్చుకుంటుంది, అందుకే ఆర్మీవాళ్లకి అదంటే ఇష్టం. కాకపోతే రింగుకీ కొక్కేనికీ మధ్య సందు ఉంటుంది. గేరు మార్చిన ప్రతిసారీ, బ్రేకు తొక్కిన ప్రతిసారీ వెనక నుంచి ఠంగుమని చప్పుడు. మొదటి రోజు ఎవరో గుద్దారని నేను బండి ఆపి దిగాను.

ఇక ఎత్తు. ఆర్మీ ట్రక్కు కొక్కెం నడుము ఎత్తున ఉంటుంది. మీ ఎస్‌యూవీ హిచ్ మోకాలి దగ్గర. అలాగే కట్టేస్తే ట్రెయిలర్ ముక్కు నేలకి వంగి, లోపలి సరుకంతా ముందుకి వాలి, ఆ భారం మీ హిచ్ మీద పడుతుంది. ముక్కు మీద పడే బరువు మొత్తంలో 10 నుంచి 15 శాతం ఉంటే ట్రెయిలర్ నిలకడగా వస్తుంది. తక్కువైతే తోక ఊపుతుంది. నిండు ఎం105కి 10 శాతమే 256 కిలోలు. మీ హిచ్ ఎంత మోస్తుందో దాని మీదున్న రేకు చూడండి. ఇంకో మాట, ఆ ముక్కు బరువు మీ బండి మోసే బరువులోంచే పోతుంది. వెనక సీట్లో ముగ్గురు కూర్చున్నట్టే.

ఆదివారం_మెకానిక్

హిచ్ మీద 227 అని ఉంది. ఒక్కో పోస్టుకీ నా ట్రెయిలర్ ఒక్కో అడుగు దూరం జరుగుతోంది.

వైరింగ్_అక్క

లైట్ల సంగతి నేను చెప్తాను, కాస్త మంచి వార్తే.

అది 24 వోల్టులది, మీ బండి 12. ఆ బల్బులకి 12 ఇస్తే కాలిపోవు, మిణుగురుల్లా వెలుగుతాయి. వెనక వచ్చేవాడికి కనపడవు. బల్బులు మార్చడం ఒక దారి. రెండూ పట్టే ఎల్‌ఈడీ లైట్లు పెట్టడం ఇంకో దారి, నేనైతే ఇదే చేస్తాను.

ప్లగ్గు 12 పిన్నుల నాటో ప్లగ్గు. దాన్ని కోయకముందు ఫొటో తీసుకోండి. ఆర్మీ వైరింగ్‌లో రంగులు వెతక్కండి, అన్నీ నల్లగానే ఉంటాయి. ప్రతి వైరు మెడలో చిన్న రేకు ఉంటుంది, దాని మీద నంబరు. 21 టెయిల్ లైటు. 22-460 ఎడమ ఇండికేటర్, బ్రేకు. 22-461 కుడిది. 90 ఎర్త్. 23, 24 బ్లాక్అవుట్ లైట్లవి, యుద్ధంలో శత్రువుకి కనపడకుండా చీకట్లో నడిపేందుకు పెట్టినవి. వాటిని టేపు చుట్టి వదిలేయండి.

ఒక్క మెలిక. ఇందులో బ్రేకు లైటు, ఇండికేటర్ ఒకే బల్బు. మీ బండిలో అవి వేరువేరుగా ఉంటే మధ్యలో కన్వర్టర్ డబ్బా పెట్టాలి. లేకపోతే మీరు ఎడమకి తిరుగుతుంటే అది ఇంకేదో చెప్తుంది. ఎర్త్‌ని మాత్రం రింగుకీ కొక్కేనికీ తగిలే దాని మీద వదలకండి, వేరే వైరు లాగండి. సగం లైట్ల జబ్బులు అక్కడే ఉంటాయి.

ఆదివారం_మెకానిక్

అక్కా, చాలా థాంక్స్. ఈ చర్చ మొత్తంలో నేను చేయగలిగిన పని ఇదొక్కటే ఉన్నట్టుంది.

గ్రీజు అన్నా, బ్రేకులు నా బండికి పనిచేసేలా మార్చలేమా?

గ్రీజు_చేతులు

మార్చొచ్చు. చక్రాల దగ్గర ఎలాగూ ఆయిల్ బ్రేకులే కాబట్టి గాలి పని చేసే భాగాన్ని తీసేసి, కరెంటుతో ఆయిల్‌ని నొక్కే పంపు బిగిస్తారు. నీ బండిలో బ్రేక్ కంట్రోలర్ పెట్టాలి. ట్రెయిలర్ తెగిపోతే దానంతట అదే బ్రేకు పడే బ్యాటరీ డబ్బా పెట్టాలి. ఇంకో దారి, పాత యాక్సిల్ మొత్తం తీసేసి కరెంటు బ్రేకులున్న కొత్త యాక్సిల్ వేయడం.

రెండూ జరిగే పనులే. కానీ వేలంలో నువ్వు పెట్టిన డబ్బు ఆ పంపుకి కూడా చాలదు. ఇంత చేశాక కూడా నిండు ట్రెయిలర్ 2,560, నీ హద్దు 2,270. హిచ్ లెక్క అలాగే ఉంటుంది. చిన్న బండి కోసం పెద్ద ట్రెయిలర్‌ని బాగుచేయడం అన్నమాట. పెద్ద ట్రక్కు కొనే ఉద్దేశం ఉంటే చెయ్యి, లేకపోతే వద్దు.

ఎవరు చేసినా ఒక జాగ్రత్త. అమెరికన్ ఆర్మీ సిలికాన్ బ్రేక్ ఆయిల్ వాడుతుంది, డాట్ 5. అందులో మామూలు డాట్ 3, డాట్ 4 పోస్తే కలవవు, నూనె నీళ్లలా ఉంటాయి. ఏది ఉందో తెలియకుండా పైన పోయొద్దు.

మౌన_పాఠకుడు

నాకూ ఇలాంటిదే కొనాలని ఉంది. మామూలు బండికి సరిపోయే ఆర్మీ ట్రెయిలర్ అంటూ ఏదీ లేదా?

పాత_ఇనుము

ఎందుకు లేదు! ఎం416 ఉంది. పావు టన్నుది, ఎం151 జీపు కోసం చేశారు. ఖాళీగా సుమారు 260 కిలోలు, సరుకు 227. రెండూ కలిపినా 490 దాటదు. బ్రేకులు లేకపోయినా 750 లోపలే. అదొక్కటే నాకు ఇంకా మిగిలి ఉన్నది, అమ్మను, అడక్కండి.

దాని పైన ఎం101 రకాలు, ముప్పావు టన్ను. ఖాళీగా 600 కిలోల పైన, సరుకుతో దగ్గర దగ్గర 1,300. కొంచెం గట్టి బండి ఉండాలి, బ్రేకుల సంగతి చూసుకోవాలి.

ఆర్మీవాళ్ల వెడల్పాటి జీపుల్లాంటి హంవీల వెనక కట్టేవి ఎం1101, ఎం1102. అల్యూమినియం తొట్టి, తుప్పు గోల లేదు. వీటిలో సర్జ్ బ్రేకులుంటాయి. ముందు బండి నెమ్మదిస్తే ట్రెయిలర్ ముందుకి తోసుకొస్తుంది కదా, ఆ తోపుడే ఆయిల్‌ని నొక్కి బ్రేకు వేస్తుంది. గాలి అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. సరుకుతో కలిపి ఎం1101 అయితే 3,400 పౌండ్లు, ఎం1102 అయితే 4,200. అంటే 1,542, 1,905 కిలోలు. ఆదివారం గారి బండికి కాగితం మీద ఇవి రెండూ సరిపోతాయి. లోపాలు రెండు. హంవీ అంత వెడల్పు, కాబట్టి చక్రాలు మీ బండి కన్నా బయటికి ఉంటాయి. మలుపులో అద్దంలో చూడటం అలవాటు కావాలి. రెండోది, రిమ్ములు 16.5 అంగుళాలు, బయట టైర్లు దొరకడం కష్టం. చాలామంది రిమ్ములతో సహా మార్చేస్తారు.

టైర్లంటే గుర్తొచ్చింది. ఏ ఆర్మీ ట్రెయిలర్ కొన్నా టైరు మీద గాడి లోతు చూసి మురిసిపోకండి. ఇవి షెడ్డులో పదిహేనేళ్లు కూర్చుని ఉంటాయి, గాడి కొత్తగా ఉంటుంది, రబ్బరు చచ్చిపోయి ఉంటుంది. టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే కోడు చివర నాలుగు అంకెలు ఉంటే అవి తయారైన వారం, సంవత్సరం. మూడే ఉంటే అది 2000కి ముందు టైరు, దాన్ని మ్యూజియంకి ఇవ్వండి.

గ్రీజు_చేతులు

పాత ఇనుము గారు టైర్లు ఎత్తారు కాబట్టి ప్రాణం మీదికొచ్చే మాటలు రెండు చెప్పాలి.

ఎం105 రిమ్ము ఒకే ముక్క కాదు, పక్కన లాక్ రింగు ఉంటుంది. హంవీ రిమ్ము అయితే రెండు సగాలు బోల్టులతో కలిపినది. లోపల గాలి ఉండగా వీటిని విప్పితే ఆ ఇనుప రింగో, సగం రిమ్మో తుపాకీ గుండులా లేస్తుంది. మనుషులు పోయారు. ముందు వాల్వు పిన్ను తీసి గాలి మొత్తం వదలాలి. తిరిగి గాలి పట్టేటప్పుడు ఇనుప పంజరంలో పెట్టి దూరం నుంచి పట్టాలి. ఇది ఆదివారం మెకానిక్‌లు చేసే పని కాదు. పేరుని బట్టి అనడం లేదు తమ్ముడూ.

రెండోది పెయింటు. ఆ ఆకుపచ్చ, ఇసుక రంగు ఆర్మీ పెయింటు రసాయన ఆయుధాల్ని తట్టుకునేలా చేసినది. దాని కింద ప్రైమర్‌లో క్రోమేటు అనే విష పదార్థం ఉండొచ్చు. మాస్కు లేకుండా గీకడం, దాని మీదే వెల్డింగ్ చేయడం వద్దు.

ఇంకో చిన్న విషయం, ప్రాణాపాయం కాదు, నడుము అపాయం. ఆ తరం ఆర్మీ ట్రక్కుల్లాగే దీనికీ ఎడమ వైపు చక్రం నట్లు ఎడమ మర. స్టడ్డు చివర ఎల్ అని ఉందేమో చూడు. ఉంటే విప్పడానికి కుడికి తిప్పాలి.

ఆదివారం_మెకానిక్

అర్థమైంది. ఎస్‌యూవీతో తేవడం మానుకున్నాను. దీన్ని ఎక్కించుకుని తెచ్చే ఫ్లాట్‌బెడ్ లారీ మాట్లాడాను. యార్డుకి వెళ్లేముందు ఇంకేమైనా చూసుకోవాలా?

పాత_ఇనుము

కాగితాలు. ఇది అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది. అమెరికన్ ప్రభుత్వ వేలం అయితే ఎస్‌ఎఫ్ 97 అనే కాగితం ఇస్తారా అడగండి. దాన్నిబట్టే రిజిస్ట్రేషన్. కొన్నిటిని "రోడ్డు మీద తిప్పడానికి కాదు" అనే షరతుతో అమ్ముతారు, అలాంటిది పొలంలో తిప్పుకోవడానికే. ట్రెయిలర్ మీద రేకు ఉందో లేదో, దాని మీది సీరియల్ నంబరు కాగితంలో ఉన్నదేనో ఒక్కో అంకె పోల్చండి. ఒక్క అంకె తేడా నన్ను ఏడు నెలలు తిప్పింది.

హబ్బుల్లో పాత గ్రీజు గట్టిపడి సబ్బులా ఉంటుంది. ఫ్లాట్‌బెడ్ మీదికి వించితో లాగే ముందు చేతి బ్రేకు వదిలారో లేదో చూడండి. డ్రమ్ము పట్టేసి ఉంటే చక్రం తిరగదు, ఈడ్చుకొస్తుంది.

వైరింగ్_అక్క

ఇంటి గేటు కొలిచారా?

ఆదివారం_మెకానిక్

గేటు ఎందుకు అక్కా?

వైరింగ్_అక్క

ఊరికే అడిగాను. ఎం105 వెడల్పు 83 అంగుళాలు, 2.11 మీటర్లు.

ఆదివారం_మెకానిక్

2.05.

నాలుగో_గేరు

నేను ఏమీ అనడం లేదు.

ఆదివారం_మెకానిక్

మూడు వారాల తర్వాత ముగింపు చెప్పడానికి వచ్చాను. చాలామంది మధ్యలో వదిలేసి పోతారు, అది నాకు నచ్చదు.

ఫ్లాట్‌బెడ్ వచ్చింది. దారిలో కాటా మీద ఎక్కించి, దించాక ఖాళీ బండిని మళ్లీ తూయించాను. తేడా 1,240 కిలోలు. సామాన్ల పెట్టెలో ఎవరో వదిలేసిన గొలుసులున్నాయి, 1,200 పైనున్న ఆ 40 కిలోలు వాటివే అయ్యుంటాయి. గేటు కథ తెలిసిందే కాబట్టి స్నేహితుడి ఖాళీ స్థలంలో దింపాను. లైట్లు అక్క చెప్పినట్టే చేశాను, రేకుల మీది నంబర్లు అన్నీ సరిపోయాయి. ఒకసారి వెలిగించి చూసుకుని సంతోషించాను. వెలుగుతున్న లైట్లతో అది ఎక్కడికీ వెళ్లలేదు.

కాగితం వచ్చింది, నంబరు సరిపోయింది. పాత ఎం35 ట్రక్కు ఉన్న ఒకాయన చూసి వెంటనే తీసుకుంటానన్నాడు. ఆయన ట్రక్కుకి గాలి గొట్టాలు కూడా ఉన్నాయి, కొక్కెం ఎత్తు కూడా అచ్చంగా సరిపోయింది. పెళ్లిచూపుల్లా ఉంది ఆ దృశ్యం. నాకు పోయింది ఫ్లాట్‌బెడ్ బాడుగ ఒక్కటే. ఇప్పుడు ఎం1101 కోసం చూస్తున్నాను. ఈసారి ముందు గేటు కొలిచాను, 2.05 దానికి కూడా చాలదు, కాబట్టి గేటు పని మొదలైంది.

ఆదివారం ఆయన తీసుకెళ్లడానికి వస్తున్నాడు. ఒక టైరు గాలి దిగిపోయింది. స్టెప్నీ ఆయనే తెస్తానన్నాడు, ఈలోగా చక్రం నట్లు వదులు చేసి పెట్టమన్నాడు. కుడి వైపువి అయితే సులువుగానే కదిలాయి, కానీ గాలి పోయింది ఎడమ వైపు. పానాకి రెండు మీటర్ల గొట్టం తగిలించి దాని మీద నిలబడ్డాను, నూనె పోశాను, వేడి చేశాను. నిన్నటి కన్నా ఇవాళ ఇంకా బిగుసుకున్నట్టుంది. తుప్పు వల్లేనా?

గ్రీజు_చేతులు

కుడికి తిప్పు.